ధనుర్మాసానికి రోజులు ఎందుకు తక్కువ?

విదేశాల్లోని తెలుగువారికి సంక్రాంతి రెండుసార్లు వస్తుంది. పంచాంగం ప్రకారం జనవరి 14నో 15నో ఒకసారి, సంఘానికి హాలు దొరికిన శనివారం నాడు మరొకసారి. వాకిట్లో మంచు మీద ముగ్గు నిలవదు కనుక ధనుర్మాసపు ముగ్గు గరాజు గచ్చు మీదికి చేరుతుంది. గొబ్బెమ్మలు, గంగిరెద్దులు మాటల్లోనే మిగులుతాయి. వీటన్నిటి మధ్య మారకుండా నిలిచేది గోడ మీది తెలుగు క్యాలెండరు ఒక్కటే.

ఆ క్యాలెండరును శ్రద్ధగా చూసే హైస్కూలు విద్యార్థిని ఎవరైనా అడగదగిన ప్రశ్న ఒకటున్నది. సూర్యుడు ధనూరాశిలో ప్రవేశించేది డిసెంబరు 16 ప్రాంతంలో, మకరరాశిలో ప్రవేశించేది జనవరి 14 ప్రాంతంలో. వేళ్ళు ముడిచి లెక్కపెడితే 29 రోజులు. అదే సూర్యుడు జూన్ నడుమ మిథునరాశిలో ప్రవేశించి 31 రోజులకు పైగా అక్కడే ఉంటాడు. రాశులన్నీ సమానమే. ఆకాశవలయంలోని 360 డిగ్రీలను పన్నెండు భాగాలు చేస్తే ఒక్కొక్క రాశికి 30 డిగ్రీలు. అంతే దూరానికి ఒక నెలలో 29 రోజులు, మరొక నెలలో 31 రోజులు ఎందుకు పట్టాలి?

“పెద్దలు అలా ఏర్పాటు చేశారమ్మా” అని తండ్రి సరిపెట్టవచ్చు. “పాతకాలపు లెక్క కదా నాన్నా, ఎక్కడో తప్పు పడి ఉంటుంది” అని కూతురు అనుకోవచ్చు. రెండు సమాధానాలూ సరైనవి కావు. పంచాంగం చూపే ఆ తేడా ఆకాశంలో నిజంగా ఉన్నదే. దానికి కారణం ఆ అమ్మాయి పుస్తకాల సంచిలో, భౌతికశాస్త్రంలోని మొదటి మూడు నాలుగు అధ్యాయాలలో ఉన్నది.

వడి వేరు, వేగం వేరు

తెలుగు మాధ్యమంలో చదువుకున్న తల్లిదండ్రులకు వడి, వేగం అనే రెండు మాటలు గుర్తుండే ఉంటాయి. పిల్లలు వీటినే స్పీడ్, వెలాసిటీ అని నేర్చుకుంటారు. వాడుక భాషలో రెండింటికీ భేదం లేదు, శాస్త్రంలో మాత్రం ఉన్నది. గంటకు అరవై మైళ్ళు అంటే వడి. గంటకు అరవై మైళ్ళు ఉత్తరంగా అంటే వేగం. దిశతో పని లేని రాశి అదిశ, దిశ లేకుండా పూర్తికాని రాశి సదిశ. బరువు తూచే రాయికి ఎంత ద్రవ్యరాశి అన్నది చెబితే చాలు. గాలి వీస్తున్నదంటే ఎంత జోరుగా అన్నదానితో పాటు ఎటు నుంచి ఎటు అన్నదీ చెప్పాలి.

హైవే నుంచి దిగే వంపుదారిలో కారు ముల్లు ఒకే అంకె మీద నిలిచి ఉన్నా లోపల కూర్చున్నవారు ఒక పక్కకు ఒరుగుతారు. వడి మారలేదు, కాని దిశ మారింది. దిశ మారితే వేగం మారినట్లే. వేగంలో మార్పును త్వరణం అంటారు. త్వరణం ఉన్నచోట ఏదో ఒక బలం పనిచేస్తూ ఉండాలి. బలమంటే వడిని పెంచేదో తగ్గించేదో మాత్రమే కాదు, దారిని వంచేది కూడా. గ్రహగతుల రహస్యమంతా ఈ ఒక్క మాటలో ఉన్నది.

రెండు సదిశలను కలిపే విద్య కోనసీమలో గోదావరి పాయలు దాటించే పడవవారికి పుస్తకం లేకుండానే తెలుసు. ఎదుటి రేవుకు చేరవలసిన సరంగు పడవ ముక్కును సూటిగా ఆ రేవు వైపు పెట్టడు. కొంచెం ఎగువకు పెడతాడు. నిలకడ నీటిలో పడవ గంటకు 5 కిలోమీటర్లు పోగలదనీ, ప్రవాహం గంటకు 3 కిలోమీటర్లనీ అనుకుంటే, ఎగువకు తగినంత తిప్పిన పడవ నదిని అడ్డంగా, సూటిగా దాటుతుంది. అయితే దాటే వడి గంటకు 4 కిలోమీటర్లే. ఐదులో నుంచి మూడు తీస్తే రెండు కదా, నాలుగు ఎట్లా వచ్చింది? పడవ వేగం, ప్రవాహం, ఫలితం అనే మూడు బాణాలూ ఒక లంబకోణ త్రిభుజం అవుతాయి. మూడు, నాలుగు, ఐదు దాని భుజాలు. సదిశలను కలిపేటప్పుడు అంకెలతో పాటు దిశలనూ కలపాలి.

పడుతూనే ఉన్న చంద్రుడు

ఒక వస్తువు ఏకకాలంలో రెండు దిశలలో కదలగలదనీ, ఆ రెండు చలనాలూ ఒకదానికొకటి అడ్డురావనీ గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథంలో నిరూపించాడు. బల్ల అంచు నుంచి ఒక గోళీని ఊరకే జారవిడిచి, అదే క్షణంలో మరొక గోళీని అడ్డంగా విసిరితే, గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, రెండూ ఒకేసారి నేలను తాకుతాయి. విసిరిన గోళీ దూరంగా పడుతుంది, అంతే. ముందుకు పోయే చలనం దాని దారి దానిది. కిందికి పడే చలనం దాని లెక్క దానిది.

ఈ ఆలోచనను న్యూటన్ ఆకాశానికి ఎక్కించాడు. ఎత్తైన కొండ మీద నుంచి ఫిరంగి గుండును అడ్డంగా పేల్చినట్లు ఊహించాడు. గుండు మొదటి సెకనులో సుమారు 5 మీటర్లు కిందికి పడుతుంది. భూమి గుండ్రనిది కనుక దాని ఉపరితలం కూడా ప్రతి 8 కిలోమీటర్లకు సుమారు 5 మీటర్లు కిందికి వంగుతుంది. అంటే, గాలి అడ్డు లేనప్పుడు, సెకనుకు 8 కిలోమీటర్ల వడితో పోయే గుండు ఎంత పడినా నేల అంతే తొలగిపోతూ ఉంటుంది. గుండు పడుతూనే ఉంటుంది, నేలను మాత్రం చేరదు. కక్ష్య అంటే ఇదే.

చంద్రుడు భూమి కేంద్రం నుంచి భూవ్యాసార్థానికి అరవై రెట్లు దూరంలో ఉన్నాడు. ఆకర్షణ దూరపు వర్గాన్ని బట్టి తగ్గేటట్లయితే అక్కడ దాని బలం ఇక్కడి బలంలో 3600వ వంతు ఉండాలి. చెట్టు నుంచి రాలిన పండు మొదటి సెకనులో 4.9 మీటర్లు పడుతుంది. చంద్రుని కక్ష్య వంపును కొలిచి చూస్తే, సరళరేఖ నుంచి ఆయన భూమి వైపు ఒక సెకనులో 1.36 మిల్లీమీటర్లు మాత్రమే పడుతున్నాడు. భాగిస్తే 3600. ఇంటి పెరట్లో పండును రాల్చే బలమే చంద్రుణ్ణి కక్ష్యలో తిప్పుతున్నదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ఆంధ్రదేశపు తీరాన శ్రీహరికోటలో 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపినప్పుడు జరిగినదీ ఇదే. అక్కడి నేల భూభ్రమణం వల్ల సెకనుకు సుమారు 0.45 కిలోమీటర్ల వడితో తూర్పుగా కదులుతూ ఉంటుంది. తూర్పుకు ఎగిరే రాకెట్టుకు ఆ బాణం ఉచితంగా కలిసివస్తుంది. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలకు దక్షిణంగా ఎగరవలసి వస్తుంది. ఆ దారిలో శ్రీలంక ఉన్నది. అందువల్ల పీ.ఎస్.ఎల్.వీ. రాకెట్టు మొదట ఆగ్నేయంగా సముద్రం మీదికి పోయి, ఆ తరువాత దక్షిణానికి మలుపు తీసుకుంటుంది. వడి తగ్గకుండా దిశను మాత్రం మార్చడానికి కూడా ఇంధనం ఖర్చవుతుంది. తమిళనాట కులశేఖరపట్టణంలో 2024లో కొత్త ప్రయోగ కేంద్రానికి శంకుస్థాపన చేయడానికి ముఖ్య కారణం ఈ మలుపును తప్పించుకోవడమే.

కదిలేది సూర్యుడు కాదు

ఇక ధనుర్మాసం. రాశుల గుండా సూర్యుడు కదులుతున్నట్లు కనిపించడం భూమి ప్రయాణం వల్ల కలిగే దృశ్యం. పడవలో పోయేవానికి ఒడ్డున నిలిచిన చెట్లు వెనక్కి పోతున్నట్లు కనిపిస్తాయని, భూమి తన చుట్టూ తాను తిరగడం గురించి ఆర్యభటుడు చెప్పిన ఉపమానం ప్రసిద్ధం. ఆయన దానిని దినభ్రమణానికి చెప్పాడు. ఏడాది పొడుగునా సాగే ప్రయాణానికి కూడా అదే తర్కం వర్తిస్తుంది. భూమి తన దారిలో ఎంత కోణం తిరిగితే, సూర్యుడు నక్షత్రాల మధ్య అంత కోణం జరిగినట్లు కనిపిస్తాడు. కనుక ధనుర్మాసం చిన్నదంటే, ఆ రోజుల్లో భూమి త్వరగా పోతున్నదని అర్థం.

ఆ దారి ఆకారాన్ని తేల్చినవాడు కెప్లర్. టైకో బ్రాహీ కంటితో చేసిన కుజగ్రహ పరిశీలనలు ఆయన చేతికి వచ్చాయి. వృత్తాలతో ఎంత నేర్పుగా లెక్కకట్టినా ఒకచోట 8 కళల తేడా మిగిలింది. డిగ్రీలో అరవయ్యో వంతు కళ. ఎనిమిది కళలంటే పున్నమి చంద్రుని వెడల్పులో ఇంచుమించు నాలుగో వంతు. మరొకరైతే పరిశీలన దోషమని తోసివేసేవారు. టైకో కొలతల నిక్కచ్చితనం ఎరిగిన కెప్లర్ ఆ ఎనిమిది కళలను వదలలేదు, రెండు వేల ఏళ్ళ వృత్తాలనే వదిలివేశాడు. 1609లో వెలువడిన ఆయన గ్రంథం ప్రకారం గ్రహం తిరిగేది దీర్ఘవృత్తంలో. సూర్యుడు ఉండేది నడిమధ్యన కాదు, ఒక నాభి వద్ద. సూర్యుని నుంచి గ్రహానికి గీసిన రేఖ సమాన కాలాలలో సమాన వైశాల్యాలను చిమ్ముతుంది.

పాఠ్యపుస్తకాలలోని బొమ్మలు భూకక్ష్యను కోడిగుడ్డు వలె చూపి పిల్లలను తప్పుదారి పట్టిస్తాయి. కక్ష్యను ఒక మీటరు పొడవుగా గీస్తే దాని వెడల్పు పొడవు కంటె 0.14 మిల్లీమీటర్లు మాత్రమే తక్కువ. కంటికి అది అచ్చమైన వృత్తమే. కాని సూర్యుని స్థానం మాత్రం కేంద్రం నుంచి 8 మిల్లీమీటర్లకు పైగా పక్కకు ఉంటుంది. ఆ కొద్దిపాటి జరుగుడు వల్లనే జనవరి మొదటి వారంలో భూమి సూర్యునికి 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్ల దూరానికి వస్తుంది, జూలై మొదటి వారంలో 15 కోట్ల 21 లక్షల కిలోమీటర్ల దూరానికి పోతుంది.

జనవరిలో సూర్యునికి దగ్గరగా ఉంటే షికాగోలో మంచు ఎందుకు కురుస్తుంది? ఋతువులను నడిపేది దూరం కాదు, భూమి అక్షం 23.5 డిగ్రీలు ఒరిగి ఉండడం. అదే జనవరిలో జోహానెస్‌బర్గ్‌లోనూ పోర్ట్ లూయీలోనూ తెలుగువారు వేసవి ఎండలో సంక్రాంతి జరుపుకుంటారు.

బాణం ఎటు వంగింది?

భూమి సెకనుకు సుమారు 30 కిలోమీటర్లు ముందుకు పోతూ, అదే సెకనులో సూర్యుని వైపు 3 మిల్లీమీటర్లు పడుతున్నది. దారి అచ్చమైన వృత్తమైతే సూర్యాకర్షణ ఎప్పుడూ వేగానికి లంబంగా ఉండేది. లంబంగా లాగే బలం దిశను తిప్పుతుంది, వడిని మార్చలేదు. అప్పుడు నెలలన్నీ సమానంగా ఉండేవి.

కాని జూలై తరువాత భూమి సూర్యునికి మెల్లమెల్లగా దగ్గరవుతున్నది. అంటే దాని వేగబాణం రవ్వంత సూర్యుని వైపు వాలి ఉన్నది. అప్పుడు ఆకర్షణ బలాన్ని రెండు భాగాలుగా విడదీయవచ్చు. దారికి అడ్డంగా ఉన్న పెద్ద భాగం దారిని వంచుతుంది. దారి వెంబడి ఉన్న చిన్న భాగం భూమిని ముందుకు లాగుతుంది. పల్లానికి దిగే సైకిలు వలె భూమి వడి పెరుగుతూ వస్తుంది. జనవరి తరువాత వేగబాణం సూర్యునికి ఎడంగా వాలుతుంది. ఆ చిన్న భాగమే ఇప్పుడు వెనక్కి లాగుతుంది. ఎత్తు ఎక్కే సైకిలు వలె వడి తగ్గుతుంది. గోదావరి రేవులో పడవకు చేసిన విభజనే ఇక్కడ భూగోళానికి చేసినది.

ఫలితంగా భూమి వడి జనవరిలో సెకనుకు 30.29 కిలోమీటర్లు, జూలైలో 29.29 కిలోమీటర్లు. ఆయా దూరాలతో వీటిని గుణించి చూడవచ్చు. కోట్ల కిలోమీటర్లలో 14.71ని 30.29తో గుణిస్తే 445.6, 15.21ని 29.29తో గుణిస్తే 445.5. కెప్లర్ చెప్పిన సమాన వైశాల్యాలు ఇవే.

వడి తేడా నూటికి మూడున్నర పాళ్ళు కూడా లేదు. మాసాల మధ్య తేడా మాత్రం నూటికి ఇంచుమించు ఏడు పాళ్ళు. కారణం సులభం. భూమి జనవరిలో త్వరగా పోవడమే కాక సూర్యునికి దగ్గరగా కూడా ఉన్నది. ఇంటి ముందు నుంచి పోయే కారు, అదే వడితో దూరపు రోడ్డున పోయే కారు కంటె త్వరగా చూపు దాటిపోతుంది కదా. రెండు కారణాలూ కలిసి జనవరి మొదట్లో సూర్యుడు రోజుకు 1.019 డిగ్రీలు, జూలై మొదట్లో 0.953 డిగ్రీలు జరిగినట్లు కనిపిస్తాడు. ముప్ఫై డిగ్రీలను మొదటిదానితో భాగిస్తే 29 రోజుల చిల్లర, రెండవదానితో భాగిస్తే 31 రోజుల చిల్లర. ధనుర్మాసం, మిథునమాసం.

అధికమాసాల లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29.53 రోజులు. ధనుర్మాసం అంతకంటె పొట్టిది కనుక రెండు అమావాస్యలు అందులో ఇమడడం దాదాపు అసాధ్యం. వేసవి వైపు మాసాలలో ఆ చోటు ఉన్నది. 2018లో అధిక జ్యేష్ఠం, 2020లో అధిక ఆశ్వయుజం, 2023లో అధిక శ్రావణం వచ్చాయి. అధిక పుష్యం మాత్రం ఎవరి జ్ఞాపకంలోనూ ఉండదు.

ఎవరికి ఎంత తెలుసు?

సూర్యగతిలోని ఈ హెచ్చుతగ్గులను భారతీయ జ్యోతిశ్శాస్త్రజ్ఞులు ఎరుగుదురు. సూర్యుడు అతి మెల్లగా కదిలే బిందువుకు వారు పెట్టిన పేరు మందోచ్చ. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో సూర్యుని మందోచ్చ 78 డిగ్రీలని ఉన్నది. అది మిథునరాశిలోనిది. నేటి లెక్కకూ ఆ బిందువు మిథునంలోనే ఉన్నది. దూరదర్శిని లేని కాలంలో ఇది సామాన్యమైన కొలత కాదు.

అయితే ఈ గౌరవాన్ని ఉన్నంత వరకే చెప్పడం పిల్లలకు మేలు చేస్తుంది. ఆర్యభటుడు సూర్యగతిని వృత్తాల మీద వృత్తాలు పెట్టి లెక్కించాడు. దీర్ఘవృత్తం కెప్లర్ కనుగొన్నది. భూమి ఎందుకు ఆ దారినే పోతున్నదో, ఎందుకు ఒకచోట త్వరపడుతున్నదో 1687లో చెప్పినది న్యూటన్. అన్నీ పూర్వమే చెప్పారంటే హైస్కూలు విద్యార్థికి నమ్మకం పోతుంది. పంచాంగమంతా మూఢత్వమంటే తల్లిదండ్రులకు నొప్పి కలుగుతుంది. నిజానికి సూక్ష్మంగా చూసినవారు ఒకరు, ఆకారం తేల్చినవారు ఒకరు, కారణం చెప్పినవారు ఒకరు. ఈ ముగ్గురిలో ఎవరిని తగ్గించినా కథ తెగిపోతుంది.

పుష్కరాల సంగతి కూడా ఇటువంటిదే. కెప్లర్ 1619లో ప్రకటించిన మూడవ నియమం ప్రకారం, గ్రహం సూర్యుని చుట్టూ తిరిగే సంవత్సరాల వర్గం దాని సగటు దూరపు ఘనానికి సమానం. ఇక్కడ దూరాన్ని భూమి దూరంతో పోల్చి కొలవాలి. గురుగ్రహం భూమి కంటె 5.2 రెట్లు దూరంలో ఉన్నది. 5.2 ఘనం 140.6. దాని వర్గమూలం 11.86. గురుడు పన్నెండు రాశులను ఇంచుమించు పన్నెండేళ్ళలో చుట్టివస్తాడు కనుకనే 1991, 2003, 2015 సంవత్సరాలలో గోదావరికి పుష్కరాలు వచ్చాయి. రాజమహేంద్రవరం రేవులో మునిగినవారి అమెరికా మనుమలు కాలిక్యులేటరుతో ఆ పన్నెండేళ్ళను తామే రాబట్టుకోవచ్చు.

ఇంట్లో చేసి చూడవలసినది

ఇందుకు ఏ పరికరమూ అక్కరలేదు, ఒక క్యాలెండరు చాలు. మార్చి 20న పగలూ రాత్రీ ఇంచుమించు సమానం. సెప్టెంబరు 22 నాడు మళ్ళీ అంతే. ఈ రెండు తేదీల మధ్య భూమి తిరిగేది సరిగ్గా సగం చుట్టు, 180 డిగ్రీలు. మార్చి నుంచి సెప్టెంబరుకు రోజులు లెక్కపెట్టి, సెప్టెంబరు నుంచి తిరిగి మార్చికి లెక్కపెట్టాలి. మొదటిది 186 రోజులు, రెండవది 179 రోజులు. ఉత్తరార్ధగోళంలో ఉన్నవారికి వేసవి సగం వారం రోజులు ఎక్కువ. దక్షిణాఫ్రికాలో, మారిషస్‌లో ఉన్నవారికి అంతే తక్కువ.

తల్లిదండ్రులు వడి, వేగం, త్వరణం అనీ, పిల్లలు తమ బడి భాషలో వాటి పేర్లనూ చెప్పుకుంటూ ఒకే కాగితం మీద ఈ లెక్క వేయవచ్చు. పదిహేను నిమిషాల పని. ఆ తరువాత గోడ మీది క్యాలెండరులో డిసెంబరు 16 వద్ద ఒక గుర్తు, జనవరి 14 వద్ద ఒక గుర్తు పెట్టి, మధ్యనున్న గళ్ళు లెక్కపెట్టిన అమ్మాయికి ధనుర్మాసం ఎందుకు చిన్నదో మరెవరూ చెప్పనక్కరలేదు.